కదిలిన ఫొటో

పేరాల మగ్గాల వీధిలో మాలకొండయ్య కొడుకు భావనారాయణ ఫొటోలు తీయడం చదువుకోవడానికి మద్రాసు వెళ్ళాడంటే వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. డాక్టరీకో ప్లీడరీకో వెళ్ళాడంటే అర్థముంది. పోనీ సినిమాల్లో వేషాల కోసం ఇంట్లోంచి పారిపోయాడన్నా అర్థముంది, ఆ రోజుల్లో వీధికొకడు పారిపోతూనే ఉండేవాడు. వీడు మాత్రం అందరికీ చెప్పి, కాగితాల మీద సంతకాలు పెట్టి, రేకు పెట్టె సర్దుకుని మరీ వెళ్ళాడు. ఫొటోకి చదువెందుకు, నొక్కితే పడుతుంది కదా అని వీధిలో అందరూ అడిగారు. అందరికంటే గట్టిగా మాలకొండయ్య అడిగాడు.

మాలకొండయ్య మంచి నేతగాడు. వినడం మాత్రం ఆయనకి చేతకాదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడంటే పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు తప్ప ఇంకేదీ చెవిన పడేది కాదు. కొడుకు అన్నం మానేసి గోడకి తిరిగి పడుకుంటే చివరికి ఒప్పుకున్నాడు కానీ, ఒక షరతు పెట్టాడు. మొదటి ఏడాది పరీక్ష తప్పితే మారుమాట్లాడకుండా వచ్చి గుంటలో దిగాలి. భావనారాయణ సరేనన్నాడు. ఆ వయసులో ఎవడైనా దేనికైనా సరేనంటాడు.

మద్రాసులో ఫొటోగ్రఫీ చెప్పే రామమూర్తి గారు తెలుగాయనే. కాకపోతే ఆయన తెలుగులో నోరు విప్పేది తిట్టడానికి మాత్రమే. వేసవి సెలవులకు ముందు ఆయన క్లాసుకి ఒక పని పెట్టాడు. ఒక్కొక్కడూ ఒక ఆర్టిస్టును ఎంచుకోవాలి. అతను తీసిన బొమ్మలు వీలైనన్ని చూడాలి. అతనేం చూశాడో, ఎలా చూశాడో పట్టుకోవాలి. ఆ పట్టుకున్నదాన్ని బట్టి ఎవరి ఊళ్ళో వాళ్ళు సొంత ఫొటోలకి ప్లాను వేసుకుని, తీసి, సెలవులయ్యాక తెచ్చి చూపించాలి. పాసూ ఫెయిలూ దానిమీదే. ఫిల్ము రీళ్ళు బజారులో దొరకని కాలం గనక కాలేజీవాళ్ళే మనిషికో రీలు ఇచ్చారు. అది పాడుచేస్తే ఇంకోటి అడగొద్దన్నారు.

తోటి కుర్రాళ్ళు లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి దొరల పేర్లూ ఫ్రెంచివాళ్ళ పేర్లూ చెప్పారు. సగం పేర్లు చెప్పినవాడికే నోరు తిరగలేదు. భావనారాయణ ఆ లైబ్రరీలో ఫ్యాను కింద బాగా నిద్రపోయేవాడు తప్ప పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. తన వంతు రాగానే లేచి నిలబడ్డాడు. బుర్రలో ఒక్క ఫొటోగ్రాఫరు పేరూ లేదు. ఆ చీకట్లో ఎక్కడినుంచో వాళ్ళింట్లో మగ్గం పైన వేలాడే తాతయ్య పటం, దాని అడుగున తెల్లసిరాతో రాసిన అక్షరాలూ గుర్తొచ్చాయి. "లక్ష్మీనరసింహం, అద్దంకి" అనేశాడు.

క్లాసంతా పకపకా నవ్వింది. రామమూర్తి గారు నవ్వలేదు. ఎవరాయన అని అడిగితే, మా జిల్లాలో ఏ ఇంట్లో చూసినా ఆయన తీసిన పటాలేనని భావనారాయణ ధీమాగా చెప్పాడు. అందులో అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. ఇంతమందిలో మనవాణ్ణి ఎంచుకున్నది నువ్వొక్కడివేనని మేష్టారు భుజం తట్టాడు. ఇక వెనక్కి తిరగడానికి దారి లేకపోయింది.

పేరాల వచ్చీ రాగానే భావనారాయణ తాతయ్య పటం కిందికి దించి, దుమ్ము తుడిచి, జీవితంలో మొదటిసారి దాన్ని తేరిపార చూశాడు. తాతయ్య పోయేనాటికి తాను పాలు తాగే పిల్లవాడు. పటంలో తాతయ్య చేతుల కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. వెనక తెల్లటి దుప్పటి. చేతులు తొడలమీద బోర్లించి ఉన్నాయి. గడ్డం కొద్దిగా పైకెత్తి, రెండు కళ్ళూ విప్పార్చి, మనల్ని దాటి ఎటో దూరంగా చూస్తున్నాడు. మొహంలో కోపం లేదు, నవ్వు లేదు, తొందర లేదు. మద్రాసులో స్టూడియోల ముందు తగిలించే ఫొటోల్లో మనుషులు పూలకుండీ పక్కన బిగుసుకుపోయి, అరువు తెచ్చిన చేతి గడియారం కనబడేలా మణికట్టు తిప్పి నిలబడతారు. ఇదేదో వేరే లోకం.

ఆ పటం మాలకొండయ్యకి గర్వం. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా నాయన బతికుండగా తీయించాం" అని నొక్కి చెప్పేవాడు. ఆ మాటకి అప్పట్లో బరువుండేది. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఊళ్ళన్నీ గట్టిగా నమ్మేవి. బతికుండగా తీయించుకున్నాడంటే ఆ మనిషికి ధైర్యమూ, ఆ ఇంటికి స్తోమతూ ఉన్నట్టే.

ఆ పటాన్ని లెక్కచేయని మనిషి ఇంట్లో ఒక్కతే, మాలకొండయ్య తల్లి పేరమ్మ. దానికి ఏనాడూ ఒక పువ్వు పెట్టలేదు, దండం పెట్టలేదు. పొద్దస్తమానం వసారాలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతూ, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ తిడుతూ ఉండేది. చెయ్యి ఎంత వేగంగా తిరిగేదో నోరూ అంతే. ఆవిడ తిట్లు పడని మనిషి ఆ వీధిలో లేడు, పోస్టుమాన్‌తో సహా. మొగుడి పటానికి దండం పెట్టకపోవడం కూడా ఆ పెంకితనంలో భాగమేనని అందరూ సరిపెట్టుకున్నారు.

ఆ వేసవికి ముందు చలికాలంలో పేరమ్మ జబ్బుపడి లేచింది. లేచింది కానీ మునుపటి మనిషి కాలేదు. మనవడు కెమెరాతో దిగగానే పట్టుకుంది.

"నాకో ఫొటో తియ్యరా. బతికుండగా తియ్యి. ఇంకేవీ అడగను నిన్ను."

భావనారాయణ మహా పండితుడిలా తలాడించి, ముందు పరిశోధన, తర్వాత ప్లాను, ఆ తర్వాతే ఫొటో అన్నాడు. రీలు ఒక్కటే ఉందనీ, అది చదువుకి ఇచ్చిందనీ, ముసలమ్మల ముచ్చట్లకి కాదనీ వివరించాడు. "అందాకా నేనుండొద్దంట్రా?" అంది పేరమ్మ. ఆ మాట వాడి చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. చదువుకుంటున్నవాడికి అంత తీరిక ఎక్కడిది.

మర్నాడే సైకిలేసుకుని బయల్దేరాడు. మార్టూరు మీదుగా అద్దంకి దాకా ఉన్న ఊళ్ళన్నీ ఆ ఎండల్లో తిరిగాడు. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. గాలి తిరిగితే చాలు, సైకిలు ఒక పక్కా తానొక పక్కా తుమ్ముతూ పడిపోయేవాడు. పత్తి బండ్లవాళ్ళు ఆగి లేవదీసి, ఎవరబ్బాయివని అడిగి, ఫొటోలు చూడటానికి తిరుగుతున్నానంటే జాలిగా చూసి మంచినీళ్ళిచ్చేవాళ్ళు.

ప్రతి ఊళ్ళోనూ కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, లక్ష్మీనరసింహం గారు తీసిన పటం ఉంటే చూపించమనేవాడు. ఉండేది. అదే కుర్చీ, అదే తెల్లదుప్పటి, అదే నిటారైన వెన్ను, మనల్ని దాటిపోయే అదే చూపు. కరణం దగ్గర్నుంచి మోతుబరి రైతు దాకా, పూజారి దగ్గర్నుంచి పత్తి షావుకారు దాకా అందరి మొహాల్లోనూ అదే ప్రశాంతత. ఎప్పుడు తీయించారని అడిగితే అందరిదీ ఒకటే మాట, బతికుండగానే తీయించాం. ఒకాయన తన తండ్రి పటం చూస్తూ, మా నాన్న జన్మలో ఇంత నిమ్మళంగా కూర్చోలేదు బాబూ, ఆ ఫొటోలాయన చేతిలో ఏముందో గానీ కూర్చోబెట్టాడు అన్నాడు. భావనారాయణ ఆ మాటకి చలించిపోయాడు. మనిషిలోని అహంకారాన్ని వడగట్టేసి మిగిలినదాన్ని తీస్తాడు కాబోలు ఈ మహానుభావుడు, అనుకున్నాడు.

అద్దంకిలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళితే మనిషి లేడు. పనిమీద వెళ్ళారంది ఆయన భార్య. ఎప్పుడొస్తారంటే, పిలుపు ఎప్పుడొస్తుందో మాకే తెలీదు నాయనా, అన్నం ముందునుంచి కూడా లేచి పోవాల్సిందే అంది. కళ కోసం కంచం ముందునుంచి లేచిపోయే మనిషి అని భావనారాయణ ఆ గుమ్మానికి దండం పెట్టి వచ్చాడు.

చదివేవాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆ పటాల్లో ఉన్నవాళ్ళలో ఒక్కడు కూడా ఫొటో తీసేనాటికి బతికిలేడు. ఆయుష్షు తగ్గుతుందని భయపడే మనుషులు ఇక తగ్గడానికి ఏమీ మిగలనప్పుడే లక్ష్మీనరసింహాన్ని పిలిచేవాళ్ళు. ఆయన వచ్చి, స్నానానికి ముందే శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా వీపు వెనక రోకలి దన్నుపెట్టి, అది కనబడకుండా దుప్పటి కప్పి ఫొటో తీసుకుపోయేవాడు. ఇంటికెళ్ళాక సన్నటి కుంచెతో మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు వేసేవాడు. ఇది జిల్లా మొత్తానికీ తెలుసు. కాకపోతే ఎవరింటి పటం సంగతి వాళ్ళు ఒప్పుకోరు, పరువు పోతుంది. పక్కింటి పటం సంగతి అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవాళ్ళే. భావనారాయణ మర్యాదస్తుడు, ఎవరింట్లో కూర్చుంటే వాళ్ళ పటం గురించే అడిగాడు.

పరిశోధన అయింది, ప్లాను మొదలైంది. కాగితాల మీద కుర్చీ బొమ్మలు గీశాడు, వెలుగు ఎటునుంచి పడాలో బాణాలు వేశాడు. వాడరేవులో పడవ ముందు కుర్చీ వేసి ఒక బెస్తాయనను కూర్చోబెడదామనుకున్నాడు. ఆ కుర్చీ, ఆ దుప్పటి చూడగానే ఆయన వల అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. అద్దంకి మిరపకాయల వ్యాపారి ఒకడు సరేనన్నాడు కానీ, ఎలా కూర్చోవాలో చూపించగానే మొహం మాడ్చుకుని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. కొత్త కళ అంటే జనానికి భయం అని భావనారాయణ నిట్టూర్చాడు. సెలవులు అయిపోవస్తున్నాయి. రీలు ఇంకా విప్పనే లేదు. మాలకొండయ్య అప్పుడే రెండో మగ్గం గుంట బాగుచేయించడం మొదలుపెట్టాడు, కొడుకు కళ్ళ ముందే.

అప్పుడు గుర్తొచ్చింది పేరమ్మ. నువ్వే కూర్చోవాలి నాయనమ్మా అన్నాడు, ఏదో ఉపకారం చేస్తున్నవాడిలాగా. పేరమ్మ మొహం వెలిగిపోయింది. తలకి నూనె రాసుకుని దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది, రాట్నం కూడా పక్కన పెట్టుకుంటానంది. రాట్నం వద్దు, చేతులు కదలకూడదన్నాడు. వసారాలో చేతుల కుర్చీ వేసి, వెనక తెల్లదుప్పటి కట్టాడు. గడ్డం పైకెత్తాడు, చేతులు బోర్లించాడు. వంగిన నడుం నిటారుగా నిలబడటానికి వంటింట్లోంచి రోకలి తెచ్చి వీపు వెనక పెట్టాడు. లక్ష్మీనరసింహం పటాల్లో వీపు దగ్గర దుప్పటి కొంచెం ఉబ్బుగా ఉండటం వాడి కంటపడింది మరి, పరిశోధన ఊరికే పోలేదు.

"రోకలెందుకురా?" అంది పేరమ్మ.

అది ఆయన పద్ధతి అన్నాడు భావనారాయణ. పేరమ్మ గుమ్మంలోంచి లోపలి పటాన్ని చూసింది. మనవడి మొహం చూసింది. ఏదో అనబోయి మింగేసి, సరే కానియ్యమంది.

అంతా సిద్ధమయ్యాక ఎడమ చెంప చీకటిగా ఉందనిపించింది. ప్లాను ప్రకారం అక్కడ వెలుగు పడాలి. అద్దం పెట్టి ఎండను తిప్పితే సరి. వీధి చివర మంగలిషాపులో నిలువుటద్దం ఉంది. కదలొద్దు, మాట్లాడొద్దు, రెప్ప కూడా వెయ్యొద్దు, ఇప్పుడే వస్తానని పరుగెత్తాడు. పంతం పడితే పేరమ్మను మించినవాళ్ళు లేరు. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. మంగలేమో గడ్డం సగం గీసిన మనిషిని వదిలి అద్దం ఇవ్వనన్నాడు.

ఈలోగా పక్కింటి కనకలక్ష్మి పిడక మీద నిప్పు పట్టుకెళదామని వచ్చింది. వసారాలో కుర్చీ, తెల్లదుప్పటి, రోకలి, వాటి మధ్య పేరమ్మ కనిపించాయి. అత్తా అని పిలిచింది. పలకలేదు. ఊపిరాడుతోందో లేదో చూడాల్సిన పని కూడా లేకపోయింది, ఫొటోకి కూడా కూర్చోబెట్టేశారాయె. పిడక కింద పడేసి గుండెలు బాదుకుంది. చూస్తుండగానే వీధి ఆడవాళ్ళంతా చేరారు. ఒకడు డప్పులవాళ్ళకి కబురు చెయ్యడానికి వెళ్ళాడు. ఇంకొకడు నేతగాళ్ళ సొసైటీ ఆఫీసులో ఉన్న మాలకొండయ్య దగ్గరికి పరుగెత్తాడు. మాలకొండయ్య కంట నీళ్ళు రాకముందే బుద్ధి పనిచేసింది. పక్కనే చీరాలలో రాత్రి ఒక షావుకారు పోయాడు, లక్ష్మీనరసింహం ఇవాళ అక్కడే ఉంటాడు, సైకిలు మీద పోయి తోలుకురమ్మని మనిషిని పంపి, ఆ తర్వాత ఏడుస్తూ ఇంటికి బయల్దేరాడు.

పేరమ్మ కుర్చీలోంచి అంతా వింటోంది. మొదట పంతం కొద్దీ కదల్లేదు, ఆ తర్వాత వినడం కోసం కదల్లేదు. నోట్లో నాలుక లేని తల్లివి పోయావా అని కనకలక్ష్మి రాగం తీసింది. మెత్తటి మనసు నీదని ఇంకొకావిడ అందుకుంది. ఎవర్నీ నొప్పించి ఎరగవు కదమ్మా అని మూడో ఆవిడ. పేరమ్మ పెదవి కొద్దిగా అదిరింది గానీ ఏడుపుల హడావిడిలో ఎవరూ చూడలేదు. అప్పుడు మాలకొండయ్య వచ్చి తల్లి కాళ్ళ మీద పడ్డాడు.

"ఒక్కనాడూ నన్ను పల్లెత్తు మాట అనకుండా పెంచావే, అమ్మా."

పేరమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఎప్పుడనలేదురా, సన్నాసీ? నిన్న అన్నం దగ్గర అన్నది ఎవర్ని? ముందు ఆ చెప్పులు కిందిడిచిరా, అలికిన వసారా. ఏమే కనకం, మొన్న కుళాయి కాడ నీ ఏడుతరాలూ దులిపింది నోట్లో నాలిక లేకుండానేనా?"

మంగలి అద్దం నెత్తిన పెట్టుకుని భావనారాయణ వీధి మలుపు తిరిగేసరికి ఆడవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరుగా పరుగెడుతున్నారు. మాలకొండయ్య చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవర్ని కొట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు. కొడుకు కనబడేసరికి తెలిసింది. బతికున్న తల్లిని శవంలా కూర్చోబెడతావట్రా అని మీదికొచ్చాడు.

"తాతయ్య కూర్చున్నట్టేగా నాన్నా కూర్చోబెట్టింది" అన్నాడు భావనారాయణ, నిజంగానే అర్థంకాక.

వీధంతా మాలకొండయ్య మొహం చూసింది. మాలకొండయ్య నేలచూపులు చూశాడు. అప్పుడు భావనారాయణకి మార్టూరు, అద్దంకి, మధ్యలో ఊళ్ళన్నీ, ఆ ప్రశాంతమైన మొహాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అద్దం గోడకి ఆనించి కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే రిక్షా దిగాడు లక్ష్మీనరసింహం. పొట్టి మనిషి, చంకలో గొడుగు, భుజాన కెమెరా సంచి. జీవితమంతా ఏడ్చే ఇళ్ళలో తిరిగి గొంతు పెంచడం మరిచిపోయినవాడు. ఎవరినీ పలకరించకుండా నేరుగా వసారా ఎక్కి, కుర్చీ చుట్టూ తిరిగి చూసి, ఎవరు కూర్చోబెట్టారో గానీ బాగా కూర్చోబెట్టారు, రోకలి ఇంకొంచెం కిందికుంటే మెడ నిలబడుద్ది అన్నాడు. పేరమ్మ తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆయన రెండడుగులు వెనక్కేశాడు.

"కదుల్తందే" అన్నాడు.

సంగతి చెప్పారు. భావనారాయణ లేచి వెళ్ళి, సిగ్గుతో చచ్చిపోతూనే, తాను మద్రాసులో ఆయన పేరు చెప్పిన సంగతీ, ఊళ్ళు తిరిగిన సంగతీ చెప్పుకున్నాడు. తన పని కోసం ఇంతదూరం తిరిగినవాడు లక్ష్మీనరసింహానికి ఇంతకుముందు తగల్లేదు.

"బతికున్నవాళ్ళని ఒకసారి తీశాను బాబూ, పెళ్ళిలో. ఒకాయన దగ్గాడు, ఒకావిడ నవ్వింది, పిల్లోడు ఏడిచాడు. మళ్ళీ అటు పోలా. వాళ్ళు నా చేతికి రారు, కదుల్తారు."

పేరమ్మ కుర్చీలోంచి లేచింది. రోకలి దభీమని కింద పడింది. లోపలికెళ్ళి మొగుడి పటం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఈ కళ్ళు నువ్వేసినయ్యేగా? ఈయనకి మెల్లకన్నయ్యా. పెళ్ళిచూపుల్లో నన్ను చూశాడో మా చెల్లెల్ని చూశాడో మా ఇంట్లో ఎవరికీ తెలీలా. కాపరానికొచ్చినాక తెలిసింది నాకు, ఆ కన్ను కాస్త పక్కకి పోతే నన్నే చూస్తన్నట్టని. నువ్వు రెండూ సాపు చేసి పెట్టావు. ఆనాటినుంచీ ఈ పటంలోవాడు ఊరందర్నీ చూస్తన్నాడు, నన్ను చూట్టంలా."

ఆవిడ ఆ పటానికి ఎందుకు పువ్వు పెట్టలేదో అప్పుడు తెలిసింది ఇంట్లోవాళ్ళకి.

లక్ష్మీనరసింహం మొహం చిన్నబోయింది. మూసిన కంట్లో మెల్ల ఎట్టా కనబడుద్దమ్మా, ఎవరన్నా చెప్పుంటే అట్టాగే వేసేవాణ్ణి అన్నాడు. చెప్పాల్సిన మాలకొండయ్య అప్పుడు చెప్పలేదు. తండ్రి మెల్లకన్ను గోడమీద ఎందుకనుకున్నాడు. ఫొటోగ్రాఫరు సంచిలోంచి రంగుపెట్టె, కుంచె తీశాడు. పటం వెనక మేకులు ఊడదీసి, అద్దం పక్కన పెట్టి, కుంచె తడి చేశాడు. ఇప్పుడే దిద్దుతాను, ఏ కన్నమ్మా అని అడిగాడు.

"ఎడమది" అంది పేరమ్మ వెంటనే. ఆయన కుంచె ఆనించబోతే ఆగమంది. పటం చేతిలోకి తీసుకుని దగ్గరగా చూసింది. "కాదు, కుడిది." మళ్ళీ ఆగింది. తన మొహం ముందు చెయ్యి పెట్టుకుని, ఎదురుగా మొగుడు నిలబడ్డట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కొడుకు వైపు చూసింది. మాలకొండయ్య నోరు తెరిచి, మూసేశాడు. కనకలక్ష్మి ఎడమదంది, ఇంకెవరో కాదు కుడిదన్నారు. ఎవరికీ తెలియలేదు.

పేరమ్మ పటం ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుంది.

"దీన్నే చూసి చూసి, ఆయన మొహం పోయిందిరా నాకు" అంది మనవడితో.

లక్ష్మీనరసింహం కుంచె తుడిచి పెట్టెలో పెట్టేశాడు. భావనారాయణకి ఏడుపొచ్చింది. బతికుండగా తియ్యమని ఆ మనిషి నోరు తెరిచి అడిగింది. తానేమో రోకలి దన్ను పెట్టి, రెప్ప కూడా వెయ్యొద్దన్నాడు. లేచి దుప్పటి లాగేశాడు, కుర్చీ లోపలికి తోసేశాడు, బాణాలేసిన కాగితాలు ఉండచుట్టి వీధిలోకి విసిరేశాడు. నీ రాట్నం దగ్గర కూర్చో నాయనమ్మా, నీ పని నువ్వు చేసుకో అన్నాడు.

పేరమ్మ కూర్చుంది. కండె చుడుతోంది గానీ నోరు పెగల్లేదు. అది ఆవిడ మొహం కాదు. భావనారాయణ కెమెరా పట్టుకుని ఎదురుచూశాడు. మాలకొండయ్య తల్లి పక్కన కూర్చుని ఏదో చెప్పి ఓదార్చాలనుకుని, ఆ తత్తరపాటులో మళ్ళీ చెప్పులు తొడుక్కునే వసారా మీద కాలు పెట్టాడు. పేరమ్మ తలెత్తింది. ఇందాక చెప్పినప్పుడు చెవిలో దూదిపెట్టుకున్నావా అని మొదలుపెట్టి, ఇక వెనక్కి చూడలేదు. మాలకొండయ్యను, ఆయన బుద్ధిని, అబద్ధపు పటాన్ని, దాన్ని గొప్పగా చెప్పుకున్న నోటిని, అన్నిటినీ కలిపి వాయించింది. భావనారాయణ నొక్కుతూ పోయాడు. రీలంతా ఆవిడ మీదే అయిపోయింది. పక్కన లక్ష్మీనరసింహం గొడుగు మీద గడ్డం ఆనించుకుని చూస్తూ నిలబడ్డాడు.

మద్రాసులో రీలు కడిగితే ఒక్కటి పనికొచ్చింది. అందులోనూ రాట్నం తిప్పే చెయ్యి మసకగా చెరిగిపోయింది. నోరు సగం తెరిచి ఉంది. కళ్ళు కెమెరాను చూడటం లేదు, పక్కన ఎవడో దొరికిపోయినవాణ్ణి చూస్తున్నాయి. బొమ్మ అంచున ఒక చెప్పు ముక్క కూడా పడింది. రామమూర్తి గారు దాన్ని ఎత్తి పట్టుకుని, కదిలింది అన్నాడు. కదిలింది సార్, అన్నాడు భావనారాయణ. మరి మీ ఆర్టిస్టు పద్ధతి ఇందులో ఏదని ఆయన అడిగితే కథంతా చెప్పాడు. మేష్టారు ఆ క్లాసులో మొదటిసారి తెలుగులో నవ్వాడు. పాసు మార్కులే వేశాడు, ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యలేదు. మాలకొండయ్య బాగుచేయించిన గుంటలో కొన్నాళ్ళు కోళ్ళు గుడ్లు పెట్టాయి.

చదువయ్యాక భావనారాయణ చీరాల రైలు గేటు దగ్గర స్టూడియో పెట్టాడు. మహా గొప్పగా ఏమీ నడవలేదు. కదలొద్దు అనే మాట ఆ స్టూడియోలో వినపడేది కాదు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, ఇంట్లో తగాదాలు కదిలించి, మాటల్లో ఉండగా నొక్కేవాడు. ఫొటోలో మావాళ్ళంతా పోట్లాడుకుంటున్నట్టు ఉన్నారని కలిగినవాళ్ళు విసుక్కుని వేరే స్టూడియోలకి పోయేవాళ్ళు. పొగాకు కంపెనీ కూలీల గుర్తింపు కార్డుల మీద నెట్టుకొచ్చాడు. ఆ కార్డుల్లో కూడా ఏ ఒక్కరూ నిమ్మళంగా కనబడరు.

పేరమ్మ ఇంకో ఆరేడేళ్ళు బతికి, అందర్నీ తిట్టి, పంతొమ్మిది వందల అరవై నాలుగులో మిరపకాయలు కళ్ళాలకొచ్చే వేళకి పోయింది. మాలకొండయ్య ఎవరికీ కబురు పెట్టలేదు. లక్ష్మీనరసింహమే విని, ఎవరూ పిలవకుండా వచ్చాడు. సంచి తెచ్చుకోలేదు. అరుగు మీద కాసేపు కూర్చుని, లేచి బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ కదిలిన ఫొటోనే పెద్దది చేసి, మగ్గం గదిలో తాతయ్య పటం పక్కన మేకు కొట్టి తగిలించారు. తిడుతున్న బొమ్మ గోడకేంటని చుట్టాలు గొణిగారు. మాలకొండయ్య మొదట కొన్నాళ్ళు అటు చూడలేదు. తర్వాత ఒకరోజు ఆ గదిలో ఎక్కడ నిలబడితే ఆ కళ్ళు సరిగ్గా తన మీద పడతాయో కనిపెట్టాడు. గుమ్మం దాటి, ఎడమ చేతి వైపు, పడుగు నూలు వేలాడే గుంజ పక్కన. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే చెప్పులు బయట విడిచి, ఆ చోటికి వెళ్ళి కాసేపు నిలబడతాడు. ఆవిడ తిట్టినంతసేపూ తిట్టించుకుని, అప్పుడు మగ్గం గుంటలో దిగుతాడు.